తొమ్మిదో ప్రశ్నలో వదిలేసిన మాట

చొక్కాల ఫ్యాక్టరీలో ఆమెను లాయరు అని పిలిచేవారు. గౌరవంతో పెట్టిన పేరు కాదు. ఎవరేం చెప్పినా "ఎందుకట?" అని అడిగే అలవాటు ఆమెకు చిన్నప్పటినుంచీ ఉంది. ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారిని అలాగే అడిగి గుమ్మం బయట నిలబడింది. ఆ ఏడే తల్లి మంచాన పడటంతో వంటింట్లోకి వచ్చిపడింది, మళ్లీ బడి మెట్టు ఎక్కలేదు. అడిగే అలవాటు మాత్రం బడితో ఆగిపోలేదు. ఆమెతోపాటు కాపురానికి వచ్చింది, అక్కడ అందరి చేతా తిట్లు తిని, ఆ తర్వాత ఫ్యాక్టరీకీ వచ్చింది.

పదకొండేళ్లుగా ఆమెది ఇస్త్రీ బల్ల. రెండు లైన్లలో కుట్టిన చొక్కాలు చెకింగ్ అయ్యాక ఆమె ముందుకొస్తాయి. ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, ముందు భాగాలు, చివర వీపు. చొక్కాకు ఒక నిమిషం పట్టాలి, రెండు పడితే వెనక గుట్ట పేరుకుంటుంది. ఎనిమిదిన్నర గంటలూ నిలబడే ఉండాలి. నలభై రెండేళ్లు వచ్చేసరికి ఆమె పిక్కల మీద నరాలు తాళ్లు పేనినట్టు ఉబ్బాయి. డాక్టరు వాటిని వేలితో నొక్కి చూసి, నిలబడే పని మానేయమన్నాడు.

"మానేస్తే ఇల్లెలా గడుస్తుందండీ?" అని అడిగింది.

"దానికి నా దగ్గర మందు లేదమ్మా," అన్నాడు డాక్టరు, తర్వాతి మనిషిని లోపలికి పిలుస్తూ.

ఆమెకు కుట్టు రాదు. కుట్టు రానివాళ్లు ఆ ఫ్యాక్టరీలో కూర్చుని చేసే పనులు రెండే. ఒకటి గుండీల మిషను. దానిమీద సూపర్‌వైజరు మేనకోడలు కూర్చుంది, ఇరవై ఏళ్ల పిల్ల. రెండోది చెకింగ్. లైనుకొక చెకింగ్ బల్ల, బల్లకొక స్టూలు. రెండో లైను స్టూలు మీద నాలుగేళ్లుగా ఆమె తోటికోడలే కూర్చుంటోంది. మొదటి లైను స్టూలు మీదున్న పెద్దావిడ చూపు ఆనక పని మానేసింది.

పాత రోజులైతే ఆ స్టూలు ఏ గొడవా లేకుండా మేనకోడలికి దక్కేది. కానీ ఈమధ్య రెండుసార్లు సరుకు తిరిగొచ్చింది. కొత్తగా వచ్చిన ఆఫీసరు, చెకింగ్‌కు కళ్లుంటే చాలదు, బుర్ర కూడా ఉండాలని, రాత పరీక్ష పెడతానన్నాడు. పది ప్రశ్నలు. అన్నీ తర్కం ప్రశ్నలే. ఏడు సరిగ్గా రాసినవాళ్లలో ఎక్కువ మార్కులు ఎవరికొస్తే వాళ్లదే స్టూలు.

ఆమె పేరిచ్చిన రోజే సూపర్‌వైజరు ఇస్త్రీ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏమమ్మా లాయరూ, పరీక్ష రాస్తున్నావట. అక్కడ ఎదురు ప్రశ్నలు వేయడానికుండదు మరి. జవాబులు రాయాలి."

"జవాబులు మీ మేనకోడలికి ముందే తెలిసుంటే నాకూ ఒక చెవిన వేయండి సార్."

"నోరు. ఆ నోరే నిన్ను పదకొండేళ్లు ఇక్కడ నిలబెట్టింది."

"నోరు కాదు సార్, కాళ్లు," అంది ఆమె, చొక్కా తిరగేస్తూ.

ఇంట్లోనూ అంతకంటే చల్లని మాట దొరకలేదు. అన్నదమ్ములిద్దరి కాపురాలూ ఒకే ఇంట్లో. చెరో గది, ఉమ్మడిగా ఒక వంటగది. పొద్దున వంట ఈమెది, సాయంత్రం వంట తోటికోడలిది. పరీక్ష సంగతి వినగానే తోటికోడలు గరిటె ఆపింది.

"నీకెందుకక్కా ఈ వయసులో? ఇంట్లో ఒక చెకర్ చాలదా?"

"నువ్వు కూర్చున్నావు. నేను నిలబడ్డాను. అదీ తేడా."

"నేను కూర్చున్నది నీకు కనిపిస్తోంది. రాత్రికి కళ్లు మండేది కనిపించదు."

ఈ ఇద్దరి మధ్య మంట కొత్తది కాదు. దాని మొదలు ఫ్యాక్టరీలో ఉంది.

చెకింగ్‌కు ఒక నియమం ఉంది. చొక్కాలో తప్పు కనిపిస్తే అక్కడ ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కరు అంటించాలి, పుస్తకంలో రాయాలి, కుట్టినవాళ్లకు వెనక్కి పంపాలి. వాళ్లు సరిచేశాక చెకింగ్ బల్ల మీద ఇంకోసారి చూసి, అప్పుడే ఇస్త్రీకి వదలాలి. మొదటి లైను పెద్దావిడ చాదస్తంగా అదే చేసేది. రెండో లైనులో మాత్రం వేరే అలవాటు పడింది. పొద్దుటి టీ గంట కొట్టేలోపు దొరికిన తప్పులకు స్టిక్కరు ఉండదు, రాత ఉండదు. చొక్కా చేతికిచ్చేస్తారు. కుట్టినవాళ్లు రెండు కుట్లు వేసి, మళ్లీ చెకింగ్‌కు పంపకుండా తిన్నగా ఇస్త్రీ గుట్టలో పడేస్తారు. దానికి లైనులో అంతా చేబదులు అని పేరు పెట్టుకున్నారు. కాగితం లేదు, సాక్షి లేడు, ఇచ్చి పుచ్చుకోవడమే. అది సూపర్‌వైజరుకు తెలుసు. తక్కువ తప్పులున్న లైనుకని, దాన్ని చూసుకునే ఆయన పేరు చెక్కి ఇచ్చే షీల్డు ప్రతి మూడు నెలలకూ రెండో లైను గోడకు చేరడానికి కారణం అదే. ఆఫీసు గదిలోవాళ్లకు మాత్రం తెలియదు. వాళ్లు చూసేది పుస్తకమే.

ఆ చేబదులు చొక్కాలు చివరికి ఆమె బల్ల మీదికి వచ్చేవి. హడావిడిగా వేసిన కుట్లు ఇస్త్రీ వేడికి ముడుచుకునేవి. ఒకసారి చంక దగ్గర కుట్టు విడిపోయిన చొక్కా ఒకటి ఆమె చేతుల మీదుగానే పెట్టెలోకి వెళ్లిపోయింది. కొన్నవాళ్లు దాన్ని ఫొటో తీసి పంపారు. మెమో ఆమెకిచ్చారు. "చివర తాకిన చెయ్యి నీదేగా," అన్నాడు సూపర్‌వైజరు. ఆ రోజు తోటికోడలు పది అడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుని, తలెత్తకుండా పుస్తకం రాసుకుంది. ఇంటికొచ్చాక, "నీ పని మడతలు. కుట్ల సంగతి నీకెందుకు?" అంది. అంతకుమించి ఆ మెమో గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పరీక్షకు ఇంకా పది రోజులున్నాయి. ఆమె కూతురు ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. ఆ పిల్ల దగ్గర తర్కం పుస్తకం ఒకటుంది. ఆమె దాన్ని తీసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది. అరగంట తర్వాత కూతురు విసుక్కుంటూ వచ్చింది.

"ఆ పేజీ దాటవా? నాకు కావాలి ఆ పుస్తకం."

"ఇది అర్థం కావట్లేదు. 'చెప్పని ఊహ ఏది' అంటాడు. చెప్పనిది నాకెలా తెలుస్తుందే?"

"ఇంత సులువుది కూడానా? సరే విను. నాన్న గొడుగు తీసుకెళ్లలేదు, కాబట్టి తడిసి వస్తాడు. మధ్యలో ఏ మాట మింగేశాం?"

"వాన పడుతుందని."

"అంతే. మొదటి మాటకీ చివరి మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది. అది పూడ్చే మాట వెతకాలి. నాలుగు జవాబులిస్తాడు. అన్నీ నిజంలాగే కనిపిస్తాయి. ఒక్కోదాన్నీ తిరగేసి చూడు. 'నాన్నకు వానంటే ఇష్టం' అని ఉందనుకో. ఇష్టం లేదని తిరగెయ్యి. అయినా తడుస్తాడుగా? వాదనకు ఏమీ కాలేదు, అది మనకక్కర్లేదు. 'వాన పడుతుంది'ని తిరగెయ్యి. వాన పడదు. ఇక తడవడం ఎక్కడిది? వాదన కూలింది. ఏది తిరగేస్తే కూలుతుందో అదే జవాబు."

ఆమె కాసేపు ఆలోచించింది. "ఇంకోటి కూడా మింగారు. దారిలో ఎవరూ ఆయనకు గొడుగు పట్టరని."

"పుస్తకంలో అది లేదమ్మా."

"లేకపోతే లేదు. మింగారా లేదా?"

"ఫ్యాక్టరీలో నీకు లాయరని ఎందుకు పేరు పెట్టారో ఇప్పుడు తెలిసింది," అని కూతురు పుస్తకం లాక్కుపోయింది. మర్నాడు పొద్దున ఆమె వంట చేస్తుంటే ఆ పుస్తకం పప్పుల డబ్బా పక్కన కనిపించింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు.

పరీక్ష భోజనాల గదిలో పెట్టారు. రాసినవాళ్లు అయిదుగురు. బల్లల మీద నూనె మరకలు. వాటి మీద కాగితం పెడితే అంటుకుంటోంది. ఎనిమిది ప్రశ్నలు ఎలాగోలా దాటింది, కొన్ని గుడ్డిగా. తొమ్మిదో ప్రశ్న దగ్గర ఆమె పెన్ను ఆగింది.

*ఒక ఫ్యాక్టరీలో రెండు లైన్లున్నాయి. రెండూ ఒకే రకం చొక్కాలను, నెలకు ఒకే సంఖ్యలో కుడతాయి. గత నెల మొదటి లైను పుస్తకంలో నూట పది తప్పులు నమోదయ్యాయి, రెండో లైను పుస్తకంలో నలభై. కాబట్టి రెండో లైను వాళ్లు మొదటి లైను వాళ్లకంటే బాగా కుడతారు. ఈ వాదన నిలబడాలంటే, చెప్పకుండా వదిలేసిన ఏ మాట నిజం కావాలి?*

*(అ) రెండో లైను వాళ్లకు అనుభవం ఎక్కువ. (ఆ) రెండు లైన్లలోనూ తప్పులను ఒకే తీరుగా పట్టి, ఒకే తీరుగా రాస్తారు. (ఇ) మొదటి లైను మిషన్లు పాతవి. (ఈ) బాగా కుట్టేవాళ్లకు షీల్డు ఇవ్వడం న్యాయం.*

ఎవరి లైన్లో, ఎవరి అంకెలో చూడగానే తెలిసిపోయింది. ఆమె ఒక్కొక్కటీ తిరగేసింది. అనుభవం ఎక్కువ లేదు, అయినా బాగా కుట్టొచ్చు. మిషన్లు పాతవి కావు, అయితే తప్పంతా చేతులదే, వాదనకు ఇంకా బలమే. షీల్డు ఇవ్వడం న్యాయం కాదు, కుట్టుకూ దానికీ సంబంధమే లేదు. 'ఆ' తిరగేసింది. ఒకే తీరుగా పట్టరు, ఒకే తీరుగా రాయరు. నూట పదీ, నలభయ్యీ, రెండు అంకెలూ గాల్లో తేలాయి. 'ఆ' చుట్టూ గీత గీసింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది.

మూడో రోజు నోటీసు బోర్డులో ఫలితాలు పెట్టారు, పక్కనే సరైన జవాబుల కాగితం. గుండీల మిషను అమ్మాయికి ఏడు. ఆమెకు ఆరు. మిగతా ముగ్గురికీ నాలుగు దాటలేదు. తొమ్మిదో ప్రశ్నకు సరైన జవాబు 'అ' అని ఉంది. ఆ అమ్మాయి 'అ' రాసింది.

"లాయరు కేసు ఓడిపోయింది," అన్నాడు ఎవరో వెనకనుంచి.

"పైకోర్టుకు వెళ్తుందిలే," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

గుండీల అమ్మాయి ఆమె పక్కకొచ్చి నిలబడింది. "ఇంకో ఏడాది నిలబడండి ఆంటీ. అలవాటేగా," అంది. మాట మెత్తగానే ఉంది.

కాగితం అడుగున చిన్న అక్షరాలతో, అభ్యంతరాలుంటే ఒక్క రోజులోగా ఆఫీసరుకు చెప్పుకోవచ్చని ఉంది. అది మాటవరసకు రాసింది. ఫ్యాక్టరీలో ఇంతవరకూ ఎవరూ ఆఫీసరు గది తలుపు తట్టి, మీరు తప్పని చెప్పలేదు. ఆమె భోజనం మానుకుని వెళ్లింది.

గదిలో సూపర్‌వైజరు కూడా ఉన్నాడు. ఆఫీసరు ఆమెను కూర్చోమనలేదు.

"ఎంతవరకు చదివావు?"

"ఎనిమిదండీ."

"నేను రెండు డిగ్రీలు చదివాను. ఆ ప్రశ్న ఏ పుస్తకంలోదీ కాదు, నేనే తయారుచేశాను. దాని జవాబు తప్పంటావు."

"డిగ్రీలు తప్పనలేదండీ. జవాబు తప్పన్నాను. అదీ ఒక్కదానికే."

సూపర్‌వైజరు ముక్కుతో నవ్వాడు. "చెప్పాగా సార్. ఈమెకు ఎదురు చెప్పకపోతే నిద్ర పట్టదు."

"అనుభవం లేకుండా బాగా ఎలా కుడతారు?" అన్నాడు ఆఫీసరు. "ఇందులో తప్పేముంది?"

"బాగా కుట్టడానికి అదొక కారణం కావచ్చండీ. ప్రశ్న కారణం అడగలేదు. ఏ మాట నిజం కాకపోతే వాదన పడిపోతుందని అడిగింది. రెండో లైను వాళ్లకు అనుభవం తక్కువే అనుకోండి. తక్కువున్నా కొందరి చెయ్యి బాగుంటుంది. మీ వాదనకు ఏమీ కాలేదు. అదే రెండు లైన్లలోనూ తప్పుల్ని ఒకేలా పట్టరు, ఒకేలా రాయరు అనుకోండి. అప్పుడు నలభై అన్న అంకె కుట్టినవాళ్లదో, రాసినవాళ్లదో ఎవరు చెప్పగలరు?"

ఆఫీసరు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు. సూపర్‌వైజరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అంటే రెండో లైనులో దొంగరాతలు రాస్తున్నారనా? ఆఫీసరుగారి ముందు ఆ మాట అను చూద్దాం."

"సూటిగా చెప్పు," అన్నాడు ఆఫీసరు. "రెండో లైనులో చెకింగ్ వేరేగా జరుగుతోందా?"

చేబదులు అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అంటే అయిపోతుంది. ఆ గదిలో ఆమె గెలుస్తుంది, మెమో ఇచ్చినవాడి మొహం వాడిపోతుంది, తోటికోడలి స్టూలు సాయంత్రానికల్లా ఖాళీ అవుతుంది. తోటికోడలి మీద ప్రేమతో కాదు ఆమె ఆగింది. ఆ మాట అక్కర్లేదనిపించి ఆగింది. ప్రశ్నలో ఉన్నదాంతోనే గెలవాలి. బయటినుంచి సరుకు తెచ్చి గెలిస్తే, లాయరు ఇంటి గుట్టు అమ్ముకుని స్టూలు కొనుక్కుందంటారు.

"జరుగుతోందా లేదా అన్నది ప్రశ్నకు అక్కర్లేదండీ. ఒకేలా జరుగుతోందని ప్రశ్నలో రాయలేదు. రాయకుండానే దాన్ని నమ్ముకుంది. నేను చెప్పేది అంతే."

"తప్పించుకుంటోంది సార్," అన్నాడు సూపర్‌వైజరు. "ఈమె తోటికోడలే అక్కడి చెకర్. పిలిచి అడగండి. సొంత మనిషి చెబితే అయినా నోరు మూస్తుంది."

తోటికోడల్ని పిలిపించారు. ఆమె చేతికి అంటుకున్న ఎర్ర స్టిక్కరు ఒకటి గీక్కుంటూ వచ్చి, సూపర్‌వైజరు కళ్లలోకి ఒకసారి చూసి నిలబడింది.

"మీ లైనులోనూ, మొదటి లైనులోనూ చెకింగ్ ఒకేలా జరుగుతుందా?" అని అడిగాడు ఆఫీసరు.

"ఒకేలానే సార్."

"ప్రతి తప్పూ రాస్తావా?"

"ప్రతిదీ రాస్తాను సార్. మా అక్క మాటలు పట్టించుకోకండి. ఇంట్లోనూ ఇంతే. మెతుకుల్లో రాయి లేకపోతే వేసుకుని మరీ ఏరుతుంది."

సూపర్‌వైజరు గట్టిగా నవ్వి కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంకేం కావాలి సార్? తేలిపోయింది. నలభై అంటే నలభయ్యే. నా లైను మంచిదే."

ఆమె తోటికోడలి వైపు చూడలేదు. ఆఫీసరునే చూస్తూ అడిగింది.

"ఒక మాట అడగనా అండీ. ఈమెను ఎందుకు పిలిపించారు?"

"నీ అనుమానం తీర్చడానికి."

"నాది కాదండీ. మీ జవాబు ప్రకారం వదిలేసిన మాట అనుభవం కదా. అయితే లైనులో వాళ్లను పిలిచి, ఎన్నేళ్లుగా కుడుతున్నారని అడగాలి. ఆ మాట ఎవరూ అడగలేదు. చెకింగ్ ఒకటేనా అని అడిగారు. ఈమె ఒకటే అన్నాకే సూపర్‌వైజరు సార్ కుర్చీలో వెనక్కి వాలారు. మీ వాదన దేనిమీద ఆనుకుని ఉందో మీకు తెలుసు కాబట్టే దాన్ని పట్టుకోవడానికి మనిషిని పిలిపించారు. ఈమె కాదని ఉంటే ఏమయ్యేది?"

సూపర్‌వైజరు నోరు తెరిచాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. ప్రశ్నపత్రం తీసి తొమ్మిదో ప్రశ్న మీద వేలుపెట్టి చదివాడు, రెండోసారి ఇంకా మెల్లగా చదివాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"'ఆ'," అన్నాడు చివరికి. "జవాబు 'ఆ'."

"సార్, మరి మా పిల్ల," అన్నాడు సూపర్‌వైజరు.

"మీ పిల్లకు ఆరు. ఈమెకు ఏడు." ఆఫీసరు జవాబుల కాగితం మీద 'అ' కొట్టేశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆ చూపులో మెప్పు లేదు. "సంతోషపడకు. స్టూలు నీదే. కానీ సోమవారం నుంచి నువ్వు రెండో లైనులో కూర్చో, ఈమె మొదటి లైనులో కూర్చుంటుంది. రెండు చోట్లా ఒకేలా జరుగుతుందని మీరు చెప్పారు కనుక, మనుషులు మారినా అంకెలు మారకూడదు."

"నేను చెప్పలేదండీ," అంది ఆమె. "ఈమె చెప్పింది."

తోటికోడలు తలుపు దాకా వెళ్లి, అక్కడ ఆగి వెనక్కి చూసింది.

అనాల్సిందంతా ఇంటికొచ్చాక అంది. ఆ సాయంత్రం వంట వంతు తోటికోడలిది. పొయ్యి వెలిగించలేదు. వంటగది మధ్యలో చేతులు కట్టుకుని నిలబడింది.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేసి ఉంటే, దరిద్రపు మనిషి అని తిట్టుకుని ఊరుకునేదాన్ని. నా నోటితోనే అబద్ధం ఆడించి, దాన్ని నాకే ఉరి చేశావు."

"నేను పిలవలేదు నిన్ను. పిలిచినవాడి వైపు చూసి చెప్పావు, నా వైపు చూసి కాదు."

"ఏం చెప్పమంటావు మరి? చేబదులు ఇస్తున్నానని నా నోటితో నేనే చెప్పాలా?"

తోటికోడలి గొంతు తగ్గింది.

"అక్కా, ఒక్క నెల. ఒక్క నెల నువ్వూ చేతికిచ్చెయ్యి. తర్వాత కొంచెం కొంచెంగా రాస్తూ పో. అంకె మెల్లగా పెరిగితే ఎవరూ పట్టించుకోరు. అక్కడ నేనూ చూసీ చూడనట్టు రాస్తాను. ఇద్దరికీ స్టూళ్లుంటాయి."

అది తీసిపారేయాల్సిన మాట కాదని ఆమెకు తెలుసు. నెల అంటే ఇరవై ఆరు రోజులు. అప్పటికే కాళ్లు నొప్పిగా ఉన్నాయి. అటక మీదికి ఎక్కే మెట్టు మీద కూర్చుంది.

"మెమో ఇచ్చిన రోజు నువ్వు ఒక్క మాట చెప్పి ఉంటే," అంది.

"చెబితే నా స్టూలు పోయేది."

"నాకు కాళ్లు లేవా?"

"ఉన్నాయి. అవి నావి కావు," అంది తోటికోడలు. అని, తనకూ మొగుడికీ కావలసిన గిన్నెలు ఏరుకుని గదిలోకి పట్టుకెళ్లిపోయింది. ఆ రోజునుంచి ఆ ఇంట్లో రెండు వంటలయ్యాయి. అన్నదమ్ములు మొదట్లో సర్దిచెప్పబోయారు, ఇద్దరి నోళ్లకూ దడిసి మానుకున్నారు. పిల్లలు మాత్రం ఎక్కడ కూర బాగుంటే అక్కడ తిన్నారు.

సోమవారం ఆమె రెండో లైను స్టూలు మీద కూర్చుంది. పదకొండేళ్లలో మొదటిసారి పనివేళలో ఆమె మోకాళ్లు వంగాయి. మొదటి గంటలోనే కఫ్ దగ్గర కుట్టు జారిన చొక్కా ఒకటి దొరికింది. కుట్టినాయన మిషను ఆపి, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపాడు.

"ఇటు పడెయ్యి, అయిదు నిమిషాల్లో ఇస్తాను."

ఆమె చొక్కా ఇవ్వలేదు. ఎర్ర బాణం ఒలిచి, జారిన కుట్టుకు గురిపెట్టి అంటించింది. పుస్తకం తెరిచి రాసింది. లైనులో మిషన్లు ఒక్కొక్కటే నెమ్మదించాయి. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, వెనక్కి పోయింది.

టీ గంటకు పదిహేడు బాణాలు పడ్డాయి. టీ తెచ్చుకోవడానికి లైను లైనంతా లేచి వెళ్లింది. ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. సూపర్‌వైజరు వచ్చి పుస్తకం తిప్పాడు.

"ఈ లైనులో ఒక పూటలో ఇన్ని తప్పులు ఎప్పుడూ లేవు. నువ్వు కూర్చున్న రోజే వచ్చాయి. శకునం బాగుంది."

"ఎప్పుడూ లేవని ఎక్కడుంది సార్?"

"పుస్తకంలో."

"ఇవీ పుస్తకంలోనే ఉన్నాయి."

వారం తిరిగేసరికి ఆఫీసరు రెండు పుస్తకాలూ తన గదికి తెప్పించుకున్నాడు. ఆ ఒక్క వారంలోనే రెండో లైను అంకె పాత నెల అంకెకు దాదాపు మూడింతలైంది. మొదటి లైనులో తోటికోడలు చేబదులు ఇవ్వలేదు. పెద్దావిడ దగ్గర పనిచేసిన ఆ లైను వాళ్లకు ఆ అలవాటు లేదు, ఎవరూ చెయ్యి చాపలేదు. దాంతో అక్కడి అంకె ఉన్నచోటే ఉంది. ఆఫీసరుకు ఇక ఎవరినీ పిలిచి అడిగే అవసరం లేకపోయింది. షీల్డు గోడమీదినుంచి దిగింది. సూపర్‌వైజరుకు ఒక కాగితం వచ్చింది, ఆయన దాన్ని జేబులో పెట్టుకుని ఎప్పటిలాగే తిరిగాడు. తోటికోడల్ని మాత్రం స్టూలు మీదినుంచి లేపారు. ఆ వారమంతా కుర్రాళ్లు వంతులేసుకుని నడిపిన ఇస్త్రీ బల్ల ఒక్కటే ఖాళీగా ఉంది. మొదటి లైను స్టూలు మీద, పరీక్షలో రెండో స్థానం వచ్చిందని, గుండీల అమ్మాయి కూర్చుంది; గుండీల మిషను మీదికి సూపర్‌వైజరు అప్పటికే ఇంకో చుట్టం పిల్లను తెచ్చుకున్నాడు.

లాయరు ఆఫీసరు గదికి మళ్లీ వెళ్లింది. ఇస్త్రీకి వేరే మనిషిని వేయమని అడగబోయింది.

"ఎందుకు?" అన్నాడు ఆఫీసరు.

ఎప్పుడూ ఆ మాట ఆమె అడగడమే, ఆమెను అడిగినవాళ్లు లేరు. ఒక జవాబు వెతుక్కుంది. "ఆమె ఒక్కతే చేసింది కాదండీ అది."

"రాసిన చెయ్యి ఆమెది. పనిచూసుకో."

అలా రెండో లైనులో ఆమె చూసి వదిలిన చొక్కాలు, పది అడుగుల దూరంలో నిలబడిన తోటికోడలి ముందుకు వెళ్లడం మొదలైంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. తోటికోడలు మొదటి వారం మోచేతి దగ్గర రెండుసార్లు కాల్చుకుంది. సాయంత్రాలు బస్సులో సీటు దొరికితే కూర్చుని, చెప్పులు విడిచి, పాదాలు ఒకదాని మీద ఒకటి రుద్దుకునేది. ఆమె అది చూసేది, చూసి కిటికీ వైపు తిరిగేది.

రెండో వారం గురువారం, భోజనాల తర్వాత, ఇస్త్రీ పెట్టె కిందపెట్టిన చప్పుడు వినిపించింది. తోటికోడలు ఒక చొక్కా పట్టుకుని లైను మధ్యగా నడిచి వచ్చింది. మిషన్లు ఆగాయి. చొక్కాను చెకింగ్ బల్ల మీద పరిచి, చంక దగ్గర రెండు వేళ్లు లోపలికి దూర్చింది. వేళ్లు ఇవతలికి వచ్చాయి.

"దీన్ని చూసే వదిలావా?"

ఆమె చొక్కా తిరగేసి చూసింది. కుట్టు వేలెడు మేర పడనే లేదు. బాణం లేదు. పొద్దుటి గుట్టలోది. తన కళ్ల ముందునుంచే వెళ్లింది.

కుట్టినాయన గొంతు సవరించుకున్నాడు. "పోనీలే అమ్మా, ఇటివ్వు. రెండు కుట్లు వేసేస్తాను. ఎవరికీ తెలియదు." ఆ మాటలో జాలి లేదు. ఏం చేస్తుందో చూద్దామని అన్నాడు. లైనంతా అందుకే చూస్తోంది.

ఆమె ఎర్ర బాణం ఒలిచి అంటించింది. పుస్తకం తెరిచింది. 'ఎవరి తప్పు' అన్న గడి దగ్గర పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆ గడిలో ఇంతవరకూ మిషను నంబర్లే తప్ప ఇంకేమీ రాయలేదు.

తోటికోడలు కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని, ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంది.

"రాయి," అంది. "నేను చూస్తాను."

ఆమె మిషను నంబరు రాసింది. దాని పక్కనే 'చెకర్' అని రాసి, పుస్తకం తోటికోడలి వైపు తిప్పింది.

తోటికోడలు వంగి చదివింది. అక్షరం అక్షరం చదివినంతసేపు పట్టింది. తర్వాత పుస్తకం మూయకుండా అలాగే వదిలేసి, ఇస్త్రీ బల్ల దగ్గరికి తిరిగి వెళ్లింది.